నీళ్ళ గొట్టాలతో జెండా పండగ

జులై 4న అమెరికా అంతా టపాసులు కాలుస్తుంది. కొలరాడోలోని ఓ చిన్న కొండ ఊరు మాత్రం నడివీధిలో ఫైరింజను గొట్టాలు పట్టుకుని తడిసి ముద్దవుతుంది. ఆ ఊరి వెనక ఓ నాయకుడి కథ ఉంది, ఓ బంగారు గని ఉంది... మన కృష్ణ ఒడ్డున పుట్టిన ఓ వజ్రం కూడా ఉంది!

మిట్టమధ్యాహ్నం. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పెద్ద వీధి. అటూ ఇటూ కిక్కిరిసిన జనం. తండ్రుల భుజాల మీద పిల్లలు, మడతకుర్చీల్లో తాతలూ బామ్మలూ. వీధి మధ్యలో ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఎండాకాలమైనా ఒంటినిండా మందపాటి కోట్లు, తలకు హెల్మెట్లు, చేతుల్లో ఫైరింజను గొట్టాలు. సైగ అందిందో లేదో... రెండు వైపుల నుంచీ నీటి ధారలు బాణాల్లా దూసుకొస్తాయి. గుండెకు తగిలిన ధార మనిషిని వెనక్కి నెట్టేస్తుంది. కాళ్ళు జారతాయి. ఒకరు పడబోతే రెండోవాళ్ళు వెనక నుంచి వీపుతో ఆపుతారు. ఎవరు ఎక్కువసేపు నిలబడితే వాళ్ళదే గెలుపు. ఓడినవాళ్ళు నీళ్ళు కారుతూ లేచి గెలిచినవాళ్ళను కౌగిలించుకుంటారు. గురితప్పిన ధార జనం మీదికి మళ్ళితే ఇక చూడాలి... కేకలు, కేరింతలు!

హోలీ కాదు, వసంతాలూ కాదు. అది యూరే అనే ఊళ్ళో అమెరికా స్వాతంత్య్ర దినోత్సవం.

గిన్నెలో ఊరు

అమెరికాలో కొలరాడో రాష్ట్రానికి నైరుతి మూలన శాన్‌ వాన్‌ పర్వతాలున్నాయి. ఆ కొండల మధ్య గిన్నె అడుగున పెట్టినట్టు ఉంటుంది యూరే. సముద్రమట్టానికి 7,792 అడుగుల ఎత్తు... మన ఊటీ కన్నా నాలుగువందల అడుగులకు పైనే ఎక్కువ. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊళ్ళో ఉన్నది సుమారు 900 మంది. మన దగ్గర ఓ మాదిరి అపార్ట్‌మెంట్‌ సముదాయంలో అంతకంటే ఎక్కువమందే ఉంటారు! పక్కనే అంకంపాగ్రె నది పారుతుంది. యూట్‌ తెగ భాషలో ఆ పేరుకి నీళ్ళను ఎర్రగా మార్చే రాళ్ళు అనే అర్థం చెబుతారు. ఎగువనున్న ఎర్రకొండల్లో ఇనుము ఎక్కువ. ఆ కొండల మీదుగా వచ్చే వాగులు నదిలో కలిసి రాళ్ళకు తుప్పురంగు పూస్తాయి. పాతగనుల నుంచి కారే నీళ్ళూ దానికి తోడవుతాయి.

డెన్వర్‌ నుంచి కారులో సుమారు ఆరు గంటల ప్రయాణం. జులై 4 శని ఆదివారాలతో కలిసొచ్చిందంటే ఊళ్ళో హోటల్‌ గది దొరకడం గగనం. వేడినీటి బుగ్గలతో నిండే కొలనొకటి 1927 నుంచీ ఊరివాళ్ళకీ వచ్చేపోయేవాళ్ళకీ ఆటవిడుపు. ఊరి దక్షిణాన కొండ అంచుని పట్టుకుని మెలికలు తిరుగుతూ సిల్వర్టన్‌ వైపు వెళ్ళే రోడ్డుకి మిలియన్‌ డాలర్‌ హైవే అని పేరు. చాలాచోట్ల రోడ్డు పక్కన గోడ కూడా ఉండదు. కిందికి చూస్తే లోయే!

మనకు ఆగస్టు 15 అంటే బడి, జెండా, ప్రసంగాలు, చివర్లో చాక్లెట్లు. అమెరికా చిన్న ఊళ్ళలో జులై 4 అంటే ఎక్కువగా వీధి, విందు, ఊరేగింపు. పొద్దున్నే సామూహికంగా పాన్‌కేకుల పలహారం. తర్వాత పరేడ్‌. పరేడ్‌ అంటే సైన్యమూ ట్యాంకులూ కాదు. ఎరుపు, తెలుపు, నీలం కాగితాలు చుట్టిన పిల్లల సైకిళ్ళు, పాత కార్లు, జీపులు, ఫైరింజను. బళ్ళ మీద నుంచి విసిరే మిఠాయిల కోసం పిల్లలు రోడ్డు పక్కన కాపు కాస్తారు. యూరేలో నడిచేవాళ్ళూ చూసేవాళ్ళూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. చేతులు ఊపుతూ పేరు పెట్టి పలకరించుకుంటారు. పరేడ్‌ ముగిసి మధ్యాహ్నమయ్యేసరికి అందరి కళ్ళూ ఫైరింజను వైపు తిరుగుతాయి.

ఆట కాదు... అలవాటు

నీళ్ళ యుద్ధం వినోదమే. కానీ అది ఊరికే పుట్టిన వినోదం కాదు. వందేళ్ళ కిందట కొలరాడో గని ఊళ్ళలో జులై 4 పనివాళ్ళ పండగ. ఏడాది పొడుగునా కొండ లోపల చీకట్లో చేసే పనినే ఆరోజు పందెంగా వీధిలోకి తెచ్చేవాళ్ళు. ఒకరు ఉక్కు ములుకు పట్టుకునేవారు, మరొకరు సమ్మెటతో కొట్టేవారు. పదిహేను నిమిషాల్లో గ్రానైట్‌ బండలోకి ఎవరు ఎంత లోతు తొలిచారన్నదే పోటీ. గురి తప్పితే ములుకు పట్టుకున్నవాడి చెయ్యి నుజ్జే. అలాగే నీళ్ళ గొట్టాలు చుట్టిన బండిని లాక్కుంటూ పరుగెత్తే పందేలుండేవి. పరుగెత్తి, గొట్టం విప్పి, బిగించి, నీళ్ళు ముందుగా చిమ్మిన జట్టుకి బహుమతి.

కారణం లేకపోలేదు. గని ఊళ్ళంటే చెక్క ఇళ్ళు. ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. లోపల కట్టెల పొయ్యిలు, కిరసనాయిలు దీపాలు. ఒక్క నిప్పురవ్వ చాలు వీధి వీధంతా బూడిద కావడానికి. కొండల్లో ఉన్న ఊరికి బయట నుంచి సాయం వచ్చేసరికి అంతా అయిపోతుంది. కాబట్టి ఎవరి ఊరిని వాళ్ళే కాపాడుకోవాలి.

యూరేలో ఇప్పటికీ మంటలార్పేది స్వచ్ఛంద దళమే. మామూలు రోజుల్లో వాళ్ళంతా వేరే పనులు చేసుకుంటూ ఉంటారు. కబురు రాగానే చేతిలో పని వదిలి పరుగెత్తాలి. రాత్రి రెండైనా సరే, మంచు కురుస్తున్నా సరే. పండగరోజు నీళ్ళ యుద్ధంలో జనం చప్పట్లు కొట్టేది నిజానికి ఆ పనికే. ధార వేగానికి ఒరగకుండా నిలబడటం, పక్కవాణ్ని వీపుతో ఆపడం... ఇవన్నీ నిజమైన మంటల ముందు అక్కరకొచ్చే విద్యలే మరి.

అక్కడి కొండలకు జులై అంటే భయం కూడా ఉంది. శీతాకాలంలో మంచు తక్కువ పడిన ఏడాది వేసవికల్లా అడవులు ఎండుగడ్డిలా తయారవుతాయి. 2012లోనూ 2018లోనూ కార్చిచ్చుల భయంతో కొలరాడోలోని చాలా ఊళ్ళు జులై 4 బాణసంచాను రద్దు చేసుకున్నాయి. 2018 జూన్‌లో యూరేకి దక్షిణంగా డెబ్భై మైళ్ళ దూరంలోని డురాంగో దగ్గర రాజుకున్న మంట 50 వేలకు పైగా ఎకరాలను కాల్చేసింది. శాన్‌ వాన్‌ జాతీయ అడవి మొత్తాన్నీ కొన్నాళ్ళు మూసేయాల్సి వచ్చింది. అలాంటి ఏడాది నిప్పుతో చేసుకునే పండగ ఉండదు. నీళ్ళతో చేసుకునే పండగ మాత్రం ఉంటుంది.

మంట మింగిన భవనం

ఆ ఊరికి నిప్పు చేసిన గాయమొకటి ఎదురుగానే కనిపిస్తుంది. 1776 జులై 4న అమెరికా స్వాతంత్య్ర ప్రకటనను ఆమోదించింది ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్‌ హాల్లో. అచ్చం దాన్ని పోలినట్టే 1900 ప్రాంతంలో యూరే ప్రజలు తమ సిటీహాల్‌ కట్టుకున్నారు. ఓ చిన్న కొండ ఊరికి దేశం పుట్టిన భవనం నమూనా! పై అంతస్తులో గ్రంథాలయం. దాన్ని ఊరికి ఇచ్చినాయన పేరు థామస్‌ వాల్ష్‌.

1950 జనవరిలో ఆ భవనం మంటల్లో చిక్కుకుంది. గంటస్తంభం పోయింది, పుస్తకాలు పోయాయి. మిగిలిన గోడల మీద సాదాగా కప్పు వేసుకుని దశాబ్దాలపాటు నెట్టుకొచ్చారు. ఎట్టకేలకు 1988లో పాత ముఖద్వారాన్నీ స్తంభాన్నీ మళ్ళీ కట్టుకున్నారు.

ఇంతకీ ఆ వాల్ష్‌ ఎవరు? ఐర్లాండ్‌ నుంచి వలసొచ్చిన ఓ వడ్రంగి. గనుల మీద మోజుతో కొలరాడో చేరాడు. 1893లో వెండి ధర పడిపోయి, వెండినే నమ్ముకున్న కొండ ఊళ్ళు ఒక్కొక్కటే కుప్పకూలాయి. ఆ కష్టకాలంలో, 1896లో, యూరేకి పైనున్న కొండల్లో అందరూ పనికిరావని వదిలేసిన గనుల్లో వాల్ష్‌కి బంగారం కనిపించింది. పనివాళ్ళ అన్నం మూటలు ఎత్తుకెళ్ళే బూడిదరంగు పిట్టలను అక్కడివాళ్ళు క్యాంప్‌ బర్డ్స్‌ అనేవారు. గనికీ అదే పేరు స్థిరపడింది. ఊరు నిలబడింది. 1902లో వాల్ష్‌ ఆ గనిని బ్రిటిష్‌ కంపెనీకి 50 లక్షల డాలర్లకు పైగా ధరకు అమ్మేసి, కుటుంబంతో సహా వాషింగ్టన్‌లో విలాసవంతమైన భవంతిలో స్థిరపడ్డాడు.

కొల్లూరు నుంచి కొలరాడోకి

మన కథ మొదలయ్యేది అక్కడే. వాల్ష్‌ కూతురు ఎవలిన్‌. చిన్నతనంలో యూరే కొండల్లో తిరిగిన పిల్ల. తండ్రి చనిపోయిన మరుసటి ఏడాది, 1911లో, ఆమె కార్టియే అనే ఫ్రెంచి నగల వర్తకుడి దగ్గర ఓ నీలివజ్రం కొంది. ధర 1,80,000 డాలర్లు. అదే ప్రపంచ ప్రసిద్ధి పొందిన హోప్‌ వజ్రం!

ఆ వజ్రం పుట్టిల్లు కృష్ణానది ఒడ్డునున్న కొల్లూరు గని అని చరిత్రకారుల అంచనా. గోల్కొండ సుల్తానుల కాలంలో వేలమంది కూలీలు ఎండలో మట్టి తవ్వి, కడిగి, జల్లెడపట్టి రాళ్ళు ఏరిన చోటది. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి చేతికి చిక్కినప్పుడు దాని బరువు 112 క్యారెట్లకు పైమాటే. ఫ్రాన్సు రాజు కొన్నాడు, సానబెట్టించాడు. విప్లవ సమయంలో దొంగలెత్తుకెళ్ళారు. మళ్ళీ తేలేసరికి 45.52 క్యారెట్లు మిగిలింది. ఎవలిన్‌ తదనంతరం హారీ విన్‌స్టన్‌ అనే నగల వర్తకుడు దాన్ని కొని, 1958లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అంటే... యూరే కొండల్లో తవ్విన బంగారం డబ్బు, కృష్ణ ఒడ్డున తవ్విన రాయిని కొంది. రెండు గనులూ సంపదను బయటికే పంపాయి. కొల్లూరు గనులున్న చోటు ఇప్పుడు చాలావరకూ పులిచింతల జలాశయం కింద ఉంది. క్యాంప్‌ బర్డ్‌ గని దగ్గర పాత కట్టడాల ఆనవాళ్ళే మిగిలాయి. కొండ ఇచ్చింది కొండకు మిగల్లేదు. ఒడ్డు ఇచ్చింది ఒడ్డుకు మిగల్లేదు.

పేరు మిగిలింది... మనుషులు లేరు

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. అది ఊరి పేరులోనే ఉంది.

యూరే అనేది ఓ మనిషి పేరు. ఆ కొండలన్నీ తమవిగా బతికిన యూట్‌ తెగకు ఆయన నాయకుడు. యూట్‌, స్పానిష్‌తోపాటు ఇంగ్లిషు కూడా తెలిసినవాడు. తెల్లవారితో యుద్ధం చేస్తే తనవాళ్ళు మిగలరని ఆయనకి అర్థమైంది. మాటలతో నెగ్గాలని చూశాడు. 1868 ఒప్పందం ప్రకారం కొలరాడో పశ్చిమభాగం యూట్లదే. ఐదేళ్ళు తిరక్కుండానే శాన్‌ వాన్‌ కొండల్లో వెండి, బంగారం కోసం గనివాళ్ళు చొరబడ్డారు. వాళ్ళను వెళ్ళగొట్టాల్సిన ప్రభుత్వం, భూమినే అమ్మమంది. 1873లో దాదాపు 37 లక్షల ఎకరాల కొండలు చేజారాయి. బదులుగా తెగకు ఏటా 25 వేల డాలర్లు ఇస్తామన్నారు. యూరేకి విడిగా ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం. దానివల్ల సొంతవాళ్ళలోనే కొందరు ఆయన్ని అనుమానించారు.

1876లో ఊరు వెలిసింది. గనివాళ్ళు దానికి ఆ నాయకుడి పేరే పెట్టుకున్నారు. సరిగ్గా దేశానికి వందేళ్ళు నిండిన సంవత్సరమది. అదే ఏడాది ఆగస్టులో కొలరాడో రాష్ట్రమైంది. శతాబ్ది రాష్ట్రమని దానికి ముద్దుపేరు.

మూడేళ్ళకే, 1879లో, ఉత్తరాన ఉన్న యూట్లకూ ప్రభుత్వ ఏజెంటుకూ మధ్య గొడవ ముదిరి రక్తపాతమైంది. దాంతో ఏ పాపం ఎరగని అంకంపాగ్రె యూట్ల మీద కూడా పగ రేగింది. యూట్లు పోవాల్సిందే అంటూ పత్రికలు అచ్చేశాయి. యూరే వాషింగ్టన్‌ వెళ్ళి మళ్ళీ మాట్లాడాడు. 1880 ఆగస్టులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది, 1881లో, సైన్యం కాపలాతో ఆయన మనుషులను యూటా ఎడారిలోకి నడిపించారు. వాళ్ళతోపాటే వెళ్ళింది ఆయన భార్య చిపీటా.

ఏ పండగకు ఊరంతా వీధిలోకి వస్తుందో ఆ స్వాతంత్య్ర ప్రకటనలో మనుషులంతా సమానమేనన్న మాట ఉంది. అదే కాగితంలో స్థానిక తెగలను జాలి ఎరగని అనాగరికులుగా వర్ణించిన మాటా ఉంది. ఆ తెగలవారందరికీ అమెరికా పౌరసత్వం దక్కింది ఎప్పుడో తెలుసా... 1924 జూన్‌లో! ఆ ఆగస్టులోనే యూటాలో చిపీటా చనిపోయింది. పుట్టిపెరిగిన నేలలో పౌరురాలిగా ఆమె బతికింది మూడు నెలలకు మించదు. మర్నాటి ఏడాది ఆమె అస్థికలను కొలరాడోలోని మాంట్రోజ్‌కి తెచ్చి, ఒకప్పుడు ఆమె వ్యవసాయం చేసుకున్న నేలలో సమాధి చేశారు. యూరేకి సుమారు ముప్పై అయిదు మైళ్ళ దూరంలో ఉన్న ఆ చోట 1956లో యూట్‌ మ్యూజియం పెట్టారు. కొండ ఊరికి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆ దారినే వెళ్తారు. ఆగేవాళ్ళు కొందరే.

యూట్లు అంతరించిపోలేదు. కొలరాడో దక్షిణాన రెండు తెగలుగా, యూటాలో ఒక తెగగా ఉన్నారు. యూటాలోని వాళ్ళ నివాస ప్రాంతానికి యుయింటా-యూరే అనే పేరు. అంటే ఆ నాయకుడి పేరు రెండుచోట్ల ఉంది. వెళ్ళగొట్టిన చోటా, వెళ్ళి తలదాచుకున్న చోటా.

సాయంత్రం మిగిలేది

2026 జులై 4తో ఆ ప్రకటనకు 250 ఏళ్ళు. కొలరాడోకీ యూరే ఊరికీ 150 ఏళ్ళు. మూడు లెక్కలూ ఒకే ఏడాదిలో కలవడం చిత్రమే. కానీ ఊరి పేరు ఎవరిదో తెలిసినవాళ్ళకు ఆ లెక్కల పక్కన మరో లెక్క కూడా కనిపిస్తుంది. యూరేలో నీళ్ళ యుద్ధం చూసి వచ్చే పిల్లలకు దారిలో ఆ లెక్క చెప్పడం పండగను పాడుచెయ్యడం కాదు. మన ఇళ్ళలో పిల్లలకు జెండా రంగులతోపాటు జైలుకెళ్ళినవాళ్ళ గురించీ, ఊళ్ళు వదిలి వలసపోయినవాళ్ళ గురించీ చెప్పుకుంటాం కదా... అలాంటిదే ఇదీ.

అలాగని అక్కడి జనం ఆనందం తప్పూ కాదు. ఆ వీధిలో తడిసేవాళ్ళెవరూ బంగారంతో మేడలు కట్టినవాళ్ళు కారు. బంగారం దొరికినాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. ధర పడిపోయినా, గనులు మూతపడినా, సిటీహాల్‌ కాలిపోయినా ఊరు వదలకుండా ఉన్నవాళ్ళ వారసత్వం వీళ్ళది. ఆపదొస్తే ఒకరికొకరు తప్ప ఎవరూ ఉండరని తెలిసినవాళ్ళు. అందుకే ఏటా ఒకరోజు సరదాకి ఒకరి మీద ఒకరు నీళ్ళు కొట్టుకుంటారు. మిగిలిన 364 రోజులూ అదే గొట్టం పట్టుకుని ఒకరి ఇల్లు ఒకరు కాపాడుకుంటారు.

కొండల వెనక్కి పొద్దు త్వరగా వాలిపోతుంది. జనం తడిబట్టలతో వేడినీటి కొలను వైపో, హోటళ్ళ వైపో కదులుతారు. వీధిలో నీళ్ళు కాలవలుగా పారి, చివరికి ఎర్రరాళ్ళ నదిలో కలిసిపోతాయి. అందరూ వెళ్ళాక కూడా దళంవాళ్ళకు ఓ పని మిగిలే ఉంటుంది. గొట్టాల్లో నీళ్ళు మిగలకుండా వంచెయ్యాలి, ఆరబెట్టాలి, మడతలు పడకుండా చుట్టి మళ్ళీ బండెక్కించాలి.

ఎందుకంటే పండగ అయిపోయినా, ఆ రాత్రే కబురు రావచ్చు.